ఊదిన చీటీలో ఏముంది? డ్రంకెన్ డ్రైవ్ కేసుల్లో డిఫెన్స్ మొదలయ్యే చోటు

హైదరాబాద్‌లో డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలో దొరికినవాళ్లకు కోర్టు రోజు దాదాపు ఒకేలా గడుస్తుంది. అంతకుముందే గోషామహల్‌లోనో బేగంపేటలోనో ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని కౌన్సెలింగ్ అయిపోయి ఉంటుంది. కోర్టు వరండాలో కానిస్టేబుల్ పేర్లు చదువుతాడు. లోపలికి వెళ్లాక వచ్చే ప్రశ్న ఒకటే: తాగి బండి నడిపావా? భార్య ముందు తల దించుకోవాల్సి వచ్చిందన్న బాధ ఒకపక్క, ఆఫీసుకు లేటవుతోందన్న టెన్షన్ ఒకపక్క. "నడిపాను సార్" అనేస్తాడు. ఫైన్ కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని, పీడ విరగడైందనుకుంటూ బయటికొస్తాడు.

ఆ రెండు నిమిషాల్లో ఏమేం పోయాయో అతనికి ఎవరూ చెప్పి ఉండరు. ఇది సిగ్నల్ జంప్ చలాన్ లాంటిది కాదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం రుజువైతే మొదటిసారి 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మిగతా చాలా ట్రాఫిక్ కేసుల్లా పోలీసులకో ఆర్టీఏకో డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు దీనికి లేదు, కోర్టుకు వెళ్లాల్సిందే. నేరం ఒప్పుకున్నవాడు ఆ తర్వాత శిక్ష ఎక్కువైందని అప్పీలు చేసుకోవచ్చేమో గానీ, అసలు నేరమే చేయలేదని మాత్రం అనలేడు. ఇక డ్రైవింగ్ లైసెన్సు సంగతి. 185 కింద శిక్ష వేసిన కోర్టు కనీసం 6 నెలలు డ్రైవింగ్‌కు అనర్హుడిగా ప్రకటించాలని 20వ సెక్షన్ చెబుతోంది. ఫైన్ కట్టడంతో అంతా అయిపోయిందనుకున్న క్యాబ్ డ్రైవర్‌కు అసలు దెబ్బ అక్కడ తగులుతుంది.

వీటికంటే పెద్దది ఇంకొకటి ఉంది. 2019 సవరణకు ముందు, మొదటి నేరం జరిగిన మూడేళ్లలోపు మళ్లీ దొరికితేనే దాన్ని రెండో నేరంగా లెక్కించేవారు. ఆ మూడేళ్ల మాటను సవరణలో తీసేశారు. ఇరవై ఐదేళ్ల కుర్రాడు ఇవాళ తొందరపడి ఒప్పుకున్న కేసు, నలభై ఏళ్ల వయసులో మళ్లీ దొరికితే దాన్ని రెండో నేరంగా మార్చేస్తుంది. అప్పుడు 2 ఏళ్ల దాకా జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అందుకే ఈ కేసుల్లో లాయర్ చేయగలిగే అసలైన మేలు వాదనలో కాదు, ఒప్పుకోవడానికి ముందు కాగితాలు చదవడంలో ఉంది.

తాగి నడిపేవాళ్లను కాపాడటం ఏమిటన్న ప్రశ్న వస్తుంది. రావాలి కూడా. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, మద్యం మత్తులో ఉన్న యువకుడి బైక్ పడిపోయింది. రోడ్డు మీదున్న ఆ బైక్‌ను హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు ఢీకొని ఈడ్చుకెళ్లింది. మంటలు లేచి, నిద్రలో ఉన్న ప్రయాణికులు బయటపడలేక కాలిపోయారు. ఆ కుటుంబాల ముందు నిలబడి టెక్నికల్ పాయింట్ల గురించి మాట్లాడటం ఎవరికైనా కష్టమే. అయినా, 30 దాటితే నేరమయ్యే చోట 38 అని చూపించిన బ్రీత్ ఎనలైజర్ మెషీన్ సరిగ్గా పనిచేసిందా లేదా అన్నది తేలకుండా ఒక మనిషికి నేరస్తుడన్న పేరు పెట్టడం న్యాయం కాదు. రోడ్డు భద్రత కోరుకునేవాళ్లకే ఈ సంగతి ఎక్కువ పట్టాలి. పరీక్ష నికార్సుగా జరిగిన కేసు ఏ కోర్టులోనైనా నిలబడుతుంది.

చట్టంలో గీత ఎక్కడుందంటే, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండటం దగ్గర. మించి అన్న మాట ముఖ్యం, సరిగ్గా 30 ఉంటే నేరం కాదు. బండి నడుపుతున్నప్పుడో, నడపబోతున్నప్పుడో అలా ఉండాలి. బారు ముందు ఆపిన కారులో వెనక సీట్లో పడుకున్నవాడు తాగి ఉండొచ్చు, కానీ నడపలేదు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, డ్రైవింగ్ సీట్లో ఎవరున్నారు, ఇంజిన్ ఆన్‌లో ఉందా అన్న ప్రశ్నలకు సాక్ష్యం లేని కేసులు కొన్ని ఉంటాయి.

ఇప్పుడు ఆ చీటీ. బ్రీత్ ఎనలైజర్ నుంచి వచ్చే ప్రింటవుట్ బస్ టికెట్ అంత కాగితం. అందరి కళ్లూ అందులోని ఒక్క అంకె మీదే పడతాయి. కేసు చూసే లాయర్ మిగతా లైన్లన్నీ చదవాలి. మెషీన్ సీరియల్ నంబర్, టెస్ట్ నంబర్, తేదీ, టైమ్, చివరిసారి కాలిబ్రేషన్ చేసిన (అంటే మెషీన్ సరిగా కొలుస్తోందో లేదో సరిచూసిన) తేదీ, ఊదకముందు మెషీన్ చూపించిన రీడింగ్, ఊదాక వచ్చిన రీడింగ్, పరీక్ష చేసిన అధికారి పేరు, సంతకాలు. చీటీ మీద 11.42 అని ఉండి, ఛార్జిషీట్‌లో బండి ఆపింది 11.55కి అని రాసి ఉంటే ఏదో ఒకటి తప్పు. గడియారమైనా తప్పాలి, కాగితమైనా తప్పాలి. మెషీన్‌లో టైమే సరిగా లేదంటే దానిలోని మిగతా అంకెల్ని ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

ఊదకముందు రీడింగ్ ఎందుకంటే, ముందువాడు ఊదిన గాలి లోపల మిగిలిపోయి ఉంటే అది తర్వాతివాడి లెక్కలో కలుస్తుంది. అందుకే మెషీన్ ముందు ఖాళీ గాలిని పరీక్షించి సున్నా చూపించాలి. 2025లో కేరళ హైకోర్టు ఇదే చెప్పింది: ఆ బ్లాంక్ టెస్ట్‌లో సున్నా రాకపోతే తర్వాత వచ్చిన రీడింగ్‌ను నమ్మలేమని కేసు కొట్టేసింది. శనివారం రాత్రి ఒక్కో చెక్‌పాయింట్ దగ్గర ఒకే మెషీన్‌తో వరసగా పదుల మందిని ఊదిస్తారు. అలాంటి చోట ఈ లైన్ చదవకుండా వదిలేయడం లాయర్ తప్పే.

మెషీన్ కొలిచేది రక్తాన్ని కాదు, ఊపిరిని. ఊపిరితిత్తుల లోతుల్లోంచి వచ్చే గాలిలో ఉన్న ఆల్కహాల్‌ను బట్టి రక్తంలో ఎంతుందో లెక్క కడుతుంది. సాధారణంగా వాడే లెక్క 1కి 2,100. అంటే 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఎంత ఆల్కహాల్ ఉంటుందో 1 మిల్లీలీటర్ రక్తంలో అంత ఉంటుందని. ఇది సగటు లెక్క. అందరి ఒంట్లో అచ్చం ఇలాగే ఉండదు. ఇంకొకటి, నోట్లో మిగిలిన ఆల్కహాల్. గుక్క తాగి వెంటనే స్టీరింగ్ పట్టినవాడికీ, మౌత్‌వాష్ పుక్కిలించినవాడికీ, హోమియో మదర్ టింక్చర్ వేసుకున్నవాడికీ, త్రేనుపు వచ్చినవాడికీ రక్తంలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. అది 15 నిమిషాల్లో తగ్గిపోతుంది. అందుకే మొదటి రీడింగ్ వచ్చాక ఒక పావుగంట పక్కన కూర్చోబెట్టి, ఏమీ తాగనివ్వకుండా, తిననివ్వకుండా మళ్లీ ఊదించడం సరైన పద్ధతి. చట్టం కూడా "ఒకటి లేదా అంతకుమించి" నమూనాలు అడగొచ్చనే అంటోంది. రెండోసారి ఊదించమని అడిగినా ఊదించలేదని క్లయింట్ చెబితే, ఆ మాటకు ఆధారం ఎక్కడ దొరుకుతుందో వెంటనే వెతకాలి. ఈ తనిఖీల్ని కెమెరాల్లో రికార్డు చేస్తుంటారు. ఆ ఫుటేజీ ఎల్లకాలం ఉండదు కాబట్టి, దాన్ని భద్రపరచమని రాతపూర్వకంగా అడగడం మొదటి వారంలోనే జరిగిపోవాలి.

ఇవన్నీ అన్ని కేసుల్లోనూ పనికొస్తాయనుకుంటే పొరపాటు. 36 వచ్చినవాడికీ 180 వచ్చినవాడికీ ఒకే వాదన చెప్పే లాయర్ ఫీజు కోసం చెబుతున్నట్టే. 36 దగ్గర మెషీన్‌లో కొద్దిపాటి తేడా కూడా గీతకు అటూ ఇటూ చేస్తుంది. 180 దగ్గర నోట్లో మిగిలిన చుక్కా, సగటు లెక్కా రక్షించవు. కాలిబ్రేషనే లేని మెషీన్ అయితే తప్ప, అక్కడ పోరాటం అంకె మీద కాదు.

గీతకు దగ్గర్లో ఉన్న కేసుల్లో టైమ్ కూడా చూడాలి. తాగిన మద్యం రక్తంలోకి పూర్తిగా చేరడానికి అరగంట నుంచి గంటన్నర దాకా పడుతుంది. తర్వాత గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున దిగుతుంది, మనిషిని బట్టి అటూ ఇటూ. చివరి పెగ్గు తాగి పది నిమిషాలకే బండి తీసి, ముప్పావు గంట తర్వాత పరీక్ష జరిగితే, నడిపేటప్పుడు ఉన్నదానికంటే పరీక్షలో ఎక్కువ కనిపించవచ్చు. ఇదే లెక్క రెండోవైపు కూడా కోస్తుంది. అర్ధరాత్రి 150 ఉన్నవాడికి పొద్దున ఏడింటికి 105 దిగినా ఇంకా 45 మిగిలి ఉంటుంది. రాత్రి పడుకుని లేచాను, మత్తు దిగిపోయింది అని నమ్మి స్కూల్ బస్ స్టీరింగ్ ముందు కూర్చునే డ్రైవర్‌కు ఈ కూడిక తీసివేత ఎవరో ఒకరు నేర్పి ఉండాల్సింది.

పోలీసులు ఏం చేయాలో చట్టం చాలా వివరంగానే చెప్పింది. 203వ సెక్షన్ ప్రకారం ఊదమని అడిగే అధికారి యూనిఫాంలో ఉండాలి, తాగాడని అనుమానించడానికి తగిన కారణం ఉండాలి, వాడే పరికరం కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ఆమోదించిన రకం అయి ఉండాలి. 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు పరీక్షలు చేయించాలి, లేదంటే వదిలిపెట్టాలని 202వ సెక్షన్ అంటోంది. బ్రీత్ టెస్ట్ ఫలితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోవచ్చని చట్టంలోనే ఉంది. అయితే సాక్ష్యంగా తీసుకోవడం వేరు, అది సరైనదని నమ్మడం వేరు. పరీక్ష చేసిన అధికారిని బోనులో నిలబెట్టి, ఈ మెషీన్ కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఏదీ, ఆ రాత్రి ఎంతమందికి దీంతో పరీక్ష చేశారు, రెండోసారి ఎందుకు చేయలేదు అని అడిగే హక్కు ముద్దాయికి ఎప్పుడూ ఉంటుంది. నేరం ఒప్పుకున్నవాడు ఆ హక్కును కూడా వదులుకున్నట్టే.

ఊదను అంటే సరిపోతుందని స్నేహితులు ఇచ్చే సలహా చాలా ప్రమాదకరం. ఊదకపోతే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, స్టేషన్‌లో డాక్టర్‌తో రక్తం తీయించవచ్చు. సరైన కారణం లేకుండా నిరాకరించడాన్ని ప్రాసిక్యూషన్‌కు బలం చేకూర్చే విషయంగా కోర్టు భావించవచ్చని 205వ సెక్షన్ చెబుతోంది. నాకు వ్యతిరేకంగా నేనే సాక్ష్యం ఎందుకివ్వాలి అన్న రాజ్యాంగ వాదన కూడా ఇక్కడ నిలవదు. ఒంటి నుంచి నమూనా ఇవ్వడం వాంగ్మూలం ఇవ్వడం లాంటిది కాదన్న దారిని 1961లోనే సుప్రీంకోర్టు కాఠీ కాలూ ఓఘడ్ కేసులో వేసింది.

పరీక్షే చేయని కేసులు ఇంకో రకం. నోరు వాసన వస్తోంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, తూలుతున్నాడు అని డాక్టర్ రాసిన సర్టిఫికెట్ ఒక్కటే ఉంటుంది. అది చాలదని బచూభాయ్ కర్యానీ కేసులో సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. ఈ తీర్పు తెలియని క్రిమినల్ లాయర్ ఉండడు. కానీ దీన్ని ప్రతి కేసుకూ తగిలించలేం. 1999 జనవరిలో ఢిల్లీలో ఆరుగురి ప్రాణాలు తీసిన బీఎండబ్ల్యూ కారు కేసులో, చట్టం చెప్పినట్టు అక్కడికక్కడే పరీక్ష జరగలేదు కదా అని డిఫెన్స్ వాదించింది. ఆగకుండా పారిపోయిన మనిషికి అక్కడే పరీక్ష ఎలా చేస్తారని 2012లో సుప్రీంకోర్టు ఆ వాదనను పక్కన పెట్టింది. తర్వాత తీసిన రక్తంలో 0.115 శాతం, అంటే 30 గీత లెక్కలో చెబితే 115, ఆల్కహాల్ ఉండటాన్ని పరిగణనలోకి తీసుకుంది. పారిపోయినవాడికి చట్టంలోని రక్షణలు కూడా దూరమవుతాయి.

రక్తపరీక్షలో చూడాల్సినవి వేరు. సూది గుచ్చే చోట స్పిరిట్‌తో తుడిస్తే ఆ స్పిరిటే ఆల్కహాల్, కాబట్టి ఆల్కహాల్ లేనిదాంతో తుడవాలి. రక్తం పాడవకుండా సీసాలో సోడియం ఫ్లోరైడ్ ఉండాలి. లేకపోతే సూక్ష్మజీవుల వల్ల సీసాలోనే ఆల్కహాల్ పుట్టొచ్చు, ఉన్నది తగ్గిపోనూవచ్చు. ఆస్పత్రిలో వైద్యం కోసం చేసే పరీక్ష సాధారణంగా సీరమ్ మీద, అంటే రక్తకణాలు వేరుచేశాక మిగిలే ద్రవం మీద చేస్తారు. అందులో అంకె మొత్తం రక్తం మీద వచ్చేదానికంటే ఎక్కువ ఉంటుంది. చట్టం అడిగేది రక్తం లెక్క. ఇక సీసా మీద సీల్ ఎవరు వేశారు, ఏ ఫ్రిజ్‌లో ఉంచారు, ల్యాబ్‌కు ఎవరు తీసుకెళ్లారు, ఎన్ని రోజులకు అన్నది చేతి నుంచి చేతికి రాతలో ఉండాలి. సల్మాన్ ఖాన్ హిట్ అండ్ రన్ కేసులో 2002 నాటి రక్త నమూనాలో 0.062 శాతం వచ్చినా, ఆ నమూనాను భద్రపరిచిన తీరు సరిగా రుజువు కాలేదని, మిగతా కారణాలతో కలిపి, 2015 డిసెంబరులో బొంబాయి హైకోర్టు నిర్దోషిగా తేల్చింది. దానిమీద మహారాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ తీర్పు నచ్చనివాళ్లు కోపం చూపించాల్సింది లాయర్ల మీద కాదు. నమూనా మీద రాతలు సరిగా లేకపోతే ఎంత పెద్ద కేసైనా కూలిపోతుంది.

కాగితాల్లో లోపం వెతకడం డిఫెన్స్. లోపం పుట్టించడం నేరం. ఈ రెంటి మధ్య గీత దాటితే ఏమవుతుందో 2024 మేలో పుణె కల్యాణీనగర్‌లో చూశాం. పోర్షే కారు గుద్ది ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయిన ఆ కేసులో, మైనర్ రక్త నమూనాను మార్చేశారన్న ఆరోపణతో డాక్టర్లే అరెస్టయ్యారు. మన దగ్గర ఇంకో పాత అలవాటు ఉంది: యాక్సిడెంట్ కాగానే నడిపినవాడిని ఇంటికి పంపించి, ఇంట్లో పనిచేసే డ్రైవర్‌ను స్టేషన్‌కు పంపడం. ఫోన్ టవర్ లొకేషన్లు, టోల్‌గేట్ కెమెరాలు ఉన్న రోజుల్లో ఇది దాగదు. దాగినా, జీతం కోసం పనిచేసే ఒక మనిషిని జైలుకు పంపించే పని అది. అలాంటి ఆలోచన వచ్చిన క్లయింట్‌కు మొదటి నిమిషంలోనే కుదరదని చెప్పాలి.

డ్రగ్స్ కేసులు పైకి ఒకేలా కనిపించినా లోపల పూర్తిగా వేరు. ఆల్కహాల్‌కు 30 అనే గీత ఉన్నట్టు గంజాయికో కొకైన్‌కో 185లో గీత లేదు. బండిని సరిగా అదుపు చేయలేనంతగా ఆ మత్తు ప్రభావం ఉందని ప్రాసిక్యూషన్ చూపించాలి. పబ్బుల దగ్గర, చెక్‌పాయింట్ల దగ్గర కిట్లతో మూత్రం, లాలాజలం పరీక్షించి పాజిటివ్ అంటున్నారు. గంజాయి విషయంలో మూత్రంలో కనిపించేది ఎక్కువగా శరీరం దాన్ని విడగొట్టాక మిగిలిన పదార్థం. మానేసిన తర్వాత కూడా అది రోజుల తరబడి, రోజూ పీల్చేవాళ్లలో వారాల తరబడి కనిపిస్తుంది. ఎప్పుడో తీసుకున్నాడని ఆ కిట్ చెప్పగలదు గానీ, ఆ రాత్రి స్టీరింగ్ ముందు మత్తులో ఉన్నాడో లేడో చెప్పలేదు. పైగా ఈ చట్టంలో ల్యాబ్ పరీక్ష అంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో చేసే రక్తపరీక్ష. బండి ఎలా నడిపాడు, అధికారితో ఎలా మాట్లాడాడు, నడక ఎలా ఉంది అన్న వివరాలు, దానికి తోడు రక్తం రిపోర్టు లేకపోతే 185 కింద కేసు బలహీనమే.

అక్కడితో ఊపిరి పీల్చుకోవడానికి లేదు. డ్రగ్ తీసుకోవడమే మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 27వ సెక్షన్ కింద వేరే నేరం. డ్రైవింగ్ కేసులో బయటపడటానికి "రెండు రోజుల క్రితం తీసుకున్నాను సార్" అని ఎక్కడైనా చెబితే ఆ మాట రెండో కేసుకు పనికొస్తుంది. డ్రగ్స్ కోణం ఉన్న కేసులో లాయర్ లేకుండా నోరు తెరవొద్దని చెప్పేది అందుకే. నిజంగా బానిసైనవాళ్లు తమంతట తాము చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ అదే చట్టంలో ఉంది. దాన్ని వాడుకునే దారి ఉన్నప్పుడు వాడుకోవడం క్లయింట్‌కూ, అతని ఇంటికీ మంచిది.

ప్రాణం పోయిన కేసుల్లో అసలు పోరాటం 185 మీద ఉండదు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, 5 ఏళ్ల దాకా జైలు. తాగి నడిపితే ప్రాణం పోవచ్చని తెలిసీ నడిపాడు అంటే 105వ సెక్షన్, అంటే హత్య కాని నరహత్య. తాగడం ఒక్కటే చాలదు. వేగం, రాంగ్ రూట్, వద్దన్నా వినకపోవడం లాంటివన్నీ కలిసి ఏ సెక్షన్ పడుతుందో తేలుస్తాయి. ఇన్సూరెన్స్ సంగతి ఇంకా కఠినం. బ్రీత్ టెస్ట్ జరగలేదు కాబట్టి క్లెయిమ్ ఇవ్వాల్సిందేనన్న వాదనను 2021లో పెర్ల్ బెవరేజెస్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పరీక్ష లేకపోయినా తాగి ఉన్నాడని కంపెనీ ఇతర ఆధారాలతో చూపించవచ్చని చెప్పింది. క్రిమినల్ కేసులో గెలిచి, ధ్వంసమైన కారుకు రూపాయి రాని పరిస్థితి అందుకే ఎదురవుతుంది.

బండి విషయంలో తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో స్పష్టమైన సూచనలు ఇచ్చింది. తాగని తోటి ప్రయాణికుడు లైసెన్సుతో ఉంటే అతనికి బండి ఇవ్వాలి. లేకపోతే ఇంట్లోవాళ్లనో స్నేహితులనో పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే స్టేషన్‌కు తీసుకెళ్లాలి, ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూపిస్తే వదలాలి. రోజుల తరబడి బండి స్టేషన్‌లో మగ్గుతుంటే ఈ తీర్పు కాపీ పట్టుకెళ్తే చాలు.

అమెరికాలో చదువుకునే, ఉద్యోగం చేసే మన పిల్లల విషయంలో లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో గీత 0.08 శాతం, మన 30కి రెండు రెట్లకు పైనే. అంత వెసులుబాటు ఉంది కదా అనుకుంటే పొరపాటు. వీసా రద్దు చేయడానికి అక్కడ శిక్ష పడక్కర్లేదు, గత ఐదేళ్లలో డీయూఐ (తాగి నడిపిన కేసు) అరెస్టు ఒక్కటి చాలు. కేసు కొట్టేశారు కదా అని ఇండియాకు వచ్చి, తిరిగి వెళ్లబోతే వీసా స్టాంపింగ్ దగ్గర ఆగిపోయినవాళ్లు ఉన్నారు. కాలిఫోర్నియాలో అయితే అరెస్టయిన 10 రోజుల్లోపు లైసెన్సులు చూసే డీఎంవీ ఆఫీసు దగ్గర హియరింగ్ అడగకపోతే లైసెన్సు మీద పోరాడే అవకాశమే పోతుంది. డీయూఐ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌తో కూడా మాట్లాడకుండా అక్కడ నేరం ఒప్పుకోకూడదు.

అన్ని కాగితాలూ చూశాక, పరీక్ష సరిగానే జరిగింది, అంకె కూడా పెద్దదే అని తేలే కేసులే ఎక్కువ. అప్పుడు ఒప్పుకోమని చెప్పడమే నిజాయితీ గల సలహా. ఒప్పుకునేటప్పుడు కూడా ఖాళీ చేతులతో వెళ్లకూడదు. ఇదే మొదటిసారి అన్న రికార్డు, ఎవరి మీద ఆధారపడి ఇల్లు గడుస్తోందో చూపించే కాగితాలు, మద్యం మానడానికి డాక్టర్ దగ్గర చేరి ఉంటే ఆ చీటీలు తీసుకెళ్లాలి. చికిత్సలో చేరినవాడి మాటకూ "ఇంకెప్పుడూ తాగను సార్" అన్న వట్టి మాటకూ తేడా మేజిస్ట్రేటుకు వెంటనే తెలుస్తుంది. జైలుకు బదులు సమాజ సేవ చేయించమని అడగడానికీ, మంచి ప్రవర్తన హామీ మీద ప్రొబేషన్ చట్టం కింద వదలమని అడగడానికీ ఇవే ఆధారం.

ఛార్జిషీట్ కాపీ, దానితో పాటు పెట్టిన చీటీ నకలు ఉచితంగా తీసుకునే హక్కు ముద్దాయికి ఉంది. "కాపీ ఇప్పించండి సార్, చదువుకుని చెబుతాను" అని మేజిస్ట్రేటును అడిగితే తప్పేం లేదు, ఒక వాయిదా పడుతుందంతే. లాయర్‌కు ఇచ్చుకునే స్తోమత లేనివాళ్లకు కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. వచ్చిన లాయర్ డ్రైవర్ వృత్తిలో ఉన్నవాడిని మొదట అడగాల్సింది, లైసెన్సు లేకుండా 6 నెలలు ఇల్లు ఎలా గడుస్తుందని. ఒప్పుకోవాలా, పోరాడాలా అన్న మాట దాని తర్వాతే మాట్లాడుకోవాలి.